పాత స్కూల్ బస్సు కొని ఇల్లుగా మార్చాలంటే: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్టులు బస్సుల్ని మామూలుగా పన్నెండు పదిహేనేళ్లు నడిపి వేలానికి పెడతాయి. గవ్‌డీల్స్, పబ్లిక్ సర్‌ప్లస్ లాంటి వేలం సైట్లు తెరిస్తే మూడు నాలుగు వేల డాలర్లకే నలభై అడుగుల పసుపు బస్సు కనిపిస్తుంది. ఆ డబ్బుకి నడిచే కారు దొరకడమే కష్టం. ఇక్కడ చక్రాలతో సహా ఓ చిన్న ఇల్లే వస్తోందనిపిస్తుంది. ఇలా మార్చిన బస్సుల్ని ఇక్కడ 'స్కూలీ' అంటారు. వాటి వీడియోలు చూసి మనసు పారేసుకున్న తెలుగువాళ్లు కూడా ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు.

బస్సుని ఇంటికి తెచ్చుకునేసరికి ఎంతవుతుందో ఒకసారి లెక్క వేద్దాం. నాలుగు వేలకు పాడుకున్నారనుకోండి. వేలం సైటు కమిషన్ పది శాతం, అంటే 400. టైర్లు పాతబడి ఉంటాయి. ఒక్కోటి 450 చొప్పున ఆరింటికి 2,700. బ్యాటరీలకు 450. బస్సు ఉన్న ఊరికి విమానం, ఒక రాత్రి హోటల్ కలిపి 500. తొమ్మిది వందల మైళ్లు నడిపి తెస్తే, గ్యాలనుకి తొమ్మిది మైళ్ల లెక్కన వంద గ్యాలన్ల డీజిలు, నాలుగు డాలర్ల చొప్పున 400. ఫిల్టర్లు, బెల్టులు, ఆయిలు, కూలెంట్ మార్చడానికి 600. మొత్తం 9,050. ఇందులో సేల్స్ టాక్స్ కలపలేదు, లోపల ఒక్క చెక్కముక్కా బిగించలేదు. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటే ఇదే.

అందుకని రెండు బస్సుల్ని పోల్చేటప్పుడు ధరని చివర చూడండి. నా లెక్కలో ముందు తుప్పు, తర్వాత గేర్‌బాక్స్, ఆ తర్వాత ఇంజను, నాలుగోది సైజు. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి వెళ్తారు. పొడవు చూసి మురిసి, ధర చూసి ఎగబడి, తుప్పు సంగతి సీట్లు పీకాక తెలుసుకుంటారు.

తుప్పు: బస్సు ఎక్కడ తిరిగింది?

మంచు కురిసే రాష్ట్రాల్లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఒహాయో, మిషిగన్, న్యూయార్క్, పెన్సిల్వేనియా ఇలాంటి చోట్లే. ఆ ఉప్పునీళ్లు పదేళ్లపాటు కింద నుంచి తగిలితే స్టీలు ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆరిజోనా, న్యూమెక్సికో, నెవాడా లాంటి పొడి రాష్ట్రాల బస్సులకు ఈ బాధ చాలా తక్కువ. వాటికి ఎండదెబ్బ వేరే ఉంటుంది. కిటికీల రబ్బర్లు పగులుతాయి, డాష్‌బోర్డు బీటలు వారుతుంది, టైర్లు ఎండిపోతాయి. ఇవన్నీ మార్చుకోగలిగినవి. తుప్పు తిన్న ఛాసీని మార్చుకోలేం.

ఇక్కడో చిక్కుంది. బస్సుని ఏ రాష్ట్రంలో అమ్ముతున్నారన్నది కాదు, ఏ రాష్ట్రంలో తిరిగిందన్నది అడగాలి. ఉత్తరాది బస్సుల్ని డీలర్లు దక్షిణానికి తెచ్చి అమ్మడం మామూలే. కింద కొత్తగా నల్లరంగు కొట్టి నిగనిగలాడుతుంటే సంతోషించకండి, అనుమానించండి. పదిహేనేళ్ల బస్సుకి అడుగున కొత్త రంగు ఊరికే వెయ్యరు.

పడుకుని కిందకి దూరి చూడటం తప్ప వేరే దారి లేదు. ఒక టార్చిలైటు, ఒక సుత్తి, పాత బట్టలు చాలు. వెనక చక్రాల పైన ఉండే రేకు, మెట్ల కింది భాగం, బ్యాటరీ పెట్టె చుట్టుపక్కల, వెనక బంపరు లోపలి వైపు ముందు పుచ్చిపోతాయి. ఛాసీ పట్టీల మీద ఎర్రటి పొడిలాంటి పై తుప్పు ఉంటే భయం లేదు. సుత్తితో తడితే పొరలుపొరలుగా రాలుతుంటే మాత్రం అక్కడితో ఆపేసి వచ్చెయ్యండి. బ్రేకు గొట్టాలు, బాడీని ఛాసీకి పట్టి ఉంచే క్లిప్పులు కూడా చూడాలి.

కింద నుంచి చూస్తే కనపడనిది ఇంకోటుంది. బస్సు నేల మూడు పొరలు. అడుగున స్టీలు రేకు, దానిమీద ప్లైవుడ్, పైన నల్ల రబ్బరు. పిల్లల బూట్ల మంచు, తుడిచిన నీళ్లు రబ్బరు అతుకుల్లోంచి దిగి ప్లైవుడ్‌లో నిలుస్తాయి. సీట్ల కింద ఉండే హీటర్ల గొట్టాలు కారితే కూలెంట్ కూడా అక్కడికే చేరుతుంది. అంటే పొడి రాష్ట్రం బస్సుకి కూడా హీటరు దగ్గర నేల పోయి ఉండొచ్చు. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే హీటరు పక్కన రబ్బరు మూల ఎత్తి చూడండి. కొన్నాక ప్లైవుడ్ బాగానే ఉంది కదా అని దానిమీదే కొత్త ఫ్లోరింగ్ వేసేవాళ్లుంటారు. అది మాత్రం వద్దు. మొత్తం పీకి, తుప్పు గీకి, చిల్లులు పూడ్చి, రంగు కొట్టాకే మిగతా పని మొదలుపెట్టాలి.

గేర్‌బాక్స్: ఎవరూ అడగని ప్రశ్న

ప్రకటనలో ఇంజను పేరు రాస్తారు. గేర్‌బాక్స్ గురించి 'ఆటోమేటిక్' అని రాసి ఊరుకుంటారు. స్కూల్ బస్సుల్లో దాదాపు అన్నీ అలిసన్ కంపెనీవే, కానీ అలిసన్ అంటే ఒకటి కాదు.

1990ల్లో, 2000ల మొదట్లో వచ్చిన చాలా బస్సుల్లో ఏటీ545 ఉంటుంది. నాలుగు గేర్లది, మొండిది, ఊళ్లో పిల్లల్ని ఎక్కించి దించడానికి చక్కగా సరిపోయింది. కానీ దీనిలో టార్క్ కన్వర్టర్‌కి, అంటే ఇంజనుకీ గేర్లకూ మధ్య ఉండే నూనె భాగానికి, లాకప్ లేదు. లాకప్ అంటే రెండిటినీ నేరుగా కలిపి పట్టేసే ఏర్పాటు. ఇంజను బలం గేర్లకు ఎప్పుడూ నూనె ద్వారానే వెళ్తుంది కాబట్టి కొంత జారుడు తప్పదు. ఆ జారుడంతా వేడిగా మారుతుంది. హైవే మీద గంటల తరబడి నడిపినా, సామాను నింపిన బస్సుతో కొలరాడో కొండలెక్కినా నూనె మరిగిపోతుంది, డీజిలూ ఎక్కువ తాగుతుంది. దిగుడులో ఇంజను పట్టు దొరకదు కాబట్టి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. చదును నేల మీద, ఏడాదికి రెండు ట్రిప్పులకైతే ఏటీ545 సరిపోతుంది. నూనె చల్లబరిచే పెద్ద కూలరు, ఉష్ణోగ్రత చూపే గేజి పెట్టించుకుంటే ఇంకా మంచిది. రాకీ పర్వతాల్లో తిరగాలనుకునేవాళ్లు దీన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

దాని అన్నలాంటిది ఎంటీ643. దీనికీ నాలుగు గేర్లే, కానీ లాకప్ ఉంది. అన్నిటికన్నా వెతుక్కోవాల్సింది ఎండీ3060, తర్వాత 3000 సిరీస్‌గా పేరు మారింది. ఎలక్ట్రానిక్, లాకప్ ఉంటుంది, ఐదో ఆరో గేర్లుంటాయి. ఐదు గేర్లకే సెట్ చేసి ఉన్న కొన్నిటిలో ఆరోదాన్ని సాఫ్ట్‌వేర్‌తో తెరిపించుకోవచ్చు. 2000ల తర్వాతి మధ్యరకం బస్సుల్లో వచ్చే అలిసన్ 2000 సిరీస్ కూడా లాకప్ ఉన్నదే, నమ్ముకోదగ్గదే.

ఏది ఉందో తెలుసుకోవడం ఎలా? డ్రైవరు పక్కన పుష్ బటన్లు, చిన్న డిజిటల్ తెర ఉంటే 3000 సిరీస్ అయ్యే అవకాశం ఎక్కువ. అయినా సరే గేర్‌బాక్స్ మీదున్న రేకు ఫోటో అడగండి. ఆ ఒక్క ఫోటో పంపని అమ్మకందారు మిగతా విషయాల్లో నిజం చెబుతాడని నమ్మలేం.

ఇంజను: పేరుతో పాటు సంవత్సరం

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన సంవత్సరాలు మూడు: 2004, 2007, 2010. పొగ నిబంధనలు కఠినమైన ఏళ్లివి. 2004 నాటికి కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వచ్చింది. 2007 మోడళ్లతో మసి పట్టే ఫిల్టరు, అదే డీపీఎఫ్, వచ్చింది. 2010తో చాలా కంపెనీలు పొగని శుభ్రం చేయడానికి డెఫ్ అనే ద్రవం పోసే పద్ధతికి మారాయి. స్కూల్ బస్సు ఆగుతూ ఆగుతూ నడుస్తుంది కాబట్టి డీపీఎఫ్ పూర్తిగా వేడెక్కి మసి కాల్చుకునే అవకాశం తక్కువ. అలా మూసుకుపోయినవే చాలాసార్లు వేలానికొస్తాయి. మార్చాలంటే వేల డాలర్లు. పీకి పారేద్దామంటే క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం.

అందుకే స్కూలీ జనం 2004కి ముందు బస్సుల కోసం ఎగబడతారు. వాటిలో ఇంటర్నేషనల్ కంపెనీ ఇంజను డీటీ466 పేరు ముందు చెప్పుకోవాలి. ఆరు సిలిండర్లు, తడి స్లీవులు, అంటే చుట్టూ కూలెంట్ తగిలే, విడిగా మార్చుకోగల సిలిండర్ గొట్టాలు. రేపు బోరుకొచ్చినా ఇంజనుని ఛాసీలోంచి దింపకుండానే స్లీవులు, పిస్టన్లు మార్చుకోవచ్చు. 1990ల మధ్య నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ రకం డీటీ466ఈ కూడా మంచిదే. తడి స్లీవుల ఇంజనుకి కూలెంట్‌లో సరైన అడిటివ్ వేస్తుండాలి, లేకపోతే స్లీవులకు బయటి వైపు నుంచి చిన్న చిన్న గుంటలు పడతాయి. పాత మెయింటెనెన్స్ రికార్డులు దొరికితే ముందు అదే చూడండి.

కమిన్స్ 5.9 రెండోది. అందులో పాత 12 వాల్వుల రకం మెకానికల్, కంప్యూటర్ లేదు, ఏ ఊళ్లోనైనా రిపేరు చేస్తారు. దానికున్న పేరుమోసిన జబ్బు ఒక్కటే. టైమింగ్ గేర్ల పెట్టెలో చిన్న స్టీలు పిన్ను ఉంటుంది. అది ఊడి గేర్లలో పడితే ఇంజను పోతుంది. ఊడకుండా ఒక రేకు ముక్క బిగించడం చవకైన పని, ముందే చేయించారా అని అడగండి. 24 వాల్వుల రకంలో 1990ల చివర, 2000ల మొదట్లో కొన్ని బ్లాకుల మీద 53 అని పోత అంకె ఉంటుంది. అవి పగిలి కూలెంట్ కారతాయి. బ్లాకు పక్కన ఆ అంకె చూసుకోండి. పెద్ద బస్సుల్లో వచ్చే కమిన్స్ 8.3 దొరికితే అదృష్టమే.

ఇంటర్నేషనల్‌దే ఇంకో ఇంజను టీ444ఈ అంటే ఫోర్డు పికప్పుల్లో వచ్చిన 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్‌కి బస్సు రూపం. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. బలం కాస్త తక్కువ, కానీ నమ్మకస్తురాలు. దాని తర్వాత వచ్చిన వీటీ365 ఫోర్డు 6.0కి తోబుట్టువు. హెడ్ గ్యాస్కెట్లు, ఈజీఆర్ కూలరు, ఆయిల్ కూలరు ఒకదాని వెంట ఒకటి పోతాయి. చవకగా కనిపించే 2004–2007 ఇంటర్నేషనల్ బస్సుల్లో ఇదే ఎక్కువ. ఆ తర్వాత వచ్చిన మ్యాక్స్‌ఫోర్స్ ఇంజన్లకూ దూరంగా ఉండమంటాను. క్యాటర్‌పిల్లర్ 3126, సీ7 చెడ్డవి కావు. ఇంజెక్షన్ పంపు, ఇంజెక్టర్లు మార్చాల్సి వస్తే మాత్రం బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

చూడటానికి వెళ్లేటప్పుడు ఇంజను స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బ్లాకు మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాని సంగతి దాచారేమో అనుకోవాలి. నడుస్తుండగా ఆయిలు మూత తీస్తే పొగ బుసకొడుతూ వస్తుంటే రింగులు అరిగినట్టు. గేర్‌బాక్స్ నూనె నల్లగా, మాడు వాసనతో ఉంటే ఆ బస్సు ఆశ వదులుకోండి. ఎయిర్ బ్రేకులుంటే గాలి నిండాక ఇంజను ఆపి, పెడలు గట్టిగా నొక్కి ఒక నిమిషం గేజి చూడండి. మూడు పీఎస్‌ఐ కన్నా ఎక్కువ పడకూడదు. టైరు మీద డాట్ నంబరులో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2316 అంటే 2016లో 23వ వారం. గాడులు లోతుగా ఉన్నాయని మోసపోకండి. ఏడెనిమిదేళ్లు దాటిన ముందు టైరుతో హైవే ఎక్కడం ప్రాణాలతో ఆట.

హైవే మీదకి తీసుకెళ్లి చూడటం మర్చిపోవద్దు. స్కూల్ బస్సుల్ని గంటకి 55, 60 మైళ్ల దగ్గర ఆగేలా కట్టేసి ఉంచుతారు. కంప్యూటరులో కట్టేస్తే విప్పుకోవచ్చు. వెనక యాక్సిల్ నిష్పత్తి వల్ల అయితే అంతే సంగతులు, లేదంటే యాక్సిల్ గేర్లే మార్చాలి. ట్రక్కులన్నీ హారన్ కొట్టుకుంటూ దాటిపోతుంటే వెయ్యి మైళ్ల ప్రయాణం ఎంత టెన్షనో ఊహించుకోండి.

పొట్టిదా, ముక్కున్నదా, చదును ముఖమా

వ్యాన్ ఛాసీ మీద కట్టిన పొట్టి బస్సుల్ని టైప్ ఏ అంటారు. ఫోర్డు ఈ-350, ఈ-450, షెవీ ఎక్స్‌ప్రెస్ ముఖాలతో కనిపిస్తాయి. ఏ మెకానిక్ అయినా చేతులు పెడతాడు, గ్రోసరీ పార్కింగ్‌లో పడుతుంది, మామూలు లైసెన్సు చాలు. లోపల మంచం, చిన్న వంట గట్టు, ఒక సీటు పట్టేసరికి చోటైపోతుంది. నలుగురు కుటుంబానికి వారాంతాలకు సరే, నెలలకు కాదు.

ముందు బానెట్ పొడుచుకొచ్చిన బస్సు టైప్ సీ. మనం స్కూల్ బస్సనగానే కళ్ల ముందు కనిపించేది ఇదే. బ్లూ బర్డ్, థామస్, ఐసీ మూడు కంపెనీలూ చేస్తాయి. బానెట్ ఎత్తితే ఇంజను మొత్తం చేతికందుతుంది, రిపేరు ఖర్చు తక్కువ. పొడవులు రకరకాలుగా దొరకడం దీని పెద్ద బలం.

చదును ముఖం టైప్ డీలో రెండు రకాలు. ఇంజను ముందున్నదైతే డ్రైవరు పక్కనే పెద్ద దిబ్బలా ఉండి వేడి, మోత భరించాలి. ఇంజను వెనకున్నదైతే ముందు ప్రశాంతంగా ఉంటుంది, పెద్ద ఇంజన్లు వస్తాయి, కొన్నిటిలో నేల కింద సామాను అరలుంటాయి. కానీ వెనక తలుపు దక్కదు, మంచం ఇంజను పైన పడుతుంది. టైప్ డీలో మనం ముందు చక్రాల కన్నా ముందు కూర్చుంటాం కాబట్టి మలుపులు అలవాటయ్యేదాకా తోక ఎవరికి తగులుతుందో అని గుండె దడదడే.

పొడవు గురించి ఒక్క మాట. అందరూ నలభై అడుగులు కొని, ముప్ఫై సరిపోయేదని తర్వాత అనుకుంటారు. నేషనల్ పార్కుల్లో చాలా క్యాంపుసైట్లకు పొడవు హద్దులుంటాయి. గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద కొండ భాగంలోకి 21 అడుగుల పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటిన బండిని రానివ్వరు. పెద్ద స్కూల్ బస్సు అద్దాలు లేకుండానే దాదాపు ఎనిమిదడుగులు. పార్కులు చూడటమే కోరికై ఉండి పొడవాటి బస్సు కొంటే, వెనకాల ఒక కారు కట్టుకుని తిరగాల్సి వస్తుంది.

ఎత్తు కూడా కొలవండి. చాలా బస్సుల్లో లోపలి ఎత్తు ఆరడుగుల దగ్గర, కొన్నిటిలో ఆరున్నర. నేలకీ కప్పుకీ ఇన్సులేషన్ వేస్తే రెండు మూడు అంగుళాలు పోతాయి. ఆరడుగుల మనిషి పొట్టి కప్పు బస్సు కొంటే వంట చేసినన్నాళ్లూ మెడ వంచాల్సిందే. కప్పు ఎత్తించొచ్చు గానీ అది వేల డాలర్ల వెల్డింగ్ పని. పైగా బోల్తా పడినా నలగకుండా 1977 నుంచి ఫెడరల్ నిబంధన ప్రకారం కట్టిన చట్రాన్ని కోస్తున్నాం. తెలియని చేతులతో చేయిస్తే స్కూల్ బస్సు కొన్న ప్రయోజనమే పోతుంది.

ఎవరి దగ్గర కొనాలి

వేలంలో ధర తక్కువ, ప్రమాదం ఎక్కువ. ఉన్నది ఉన్నట్టు అమ్ముతారు, కొన్ని రోజుల్లో డబ్బు కట్టాలి, గడువులోగా తీసుకెళ్లాలి. దారిలో ఆగిపోతే పెద్ద బండ్లు లాగే టోయింగ్ బిల్లు బస్సు ధరనే మించొచ్చు. వేలానికి ముందు ఆ డిస్ట్రిక్టు బస్ గ్యారేజీకి ఫోన్ చేసి, బస్సు నంబరు చెప్పి, ఎందుకు తీసేశారని మెకానిక్‌నే అడగండి. వాళ్లకు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉండదు. వయసైపోయిందని పక్కన పెట్టిన బస్సుకీ, గేర్‌బాక్స్ పోయి పక్కన పెట్టిన బస్సుకీ వేలం పేజీలో తేడా తెలియదు.

డీలరు రెండు మూడు వేలు ఎక్కువ అడుగుతాడు. నడిపి చూడనిస్తాడు, వేర్వేరు బస్సులు పక్కపక్కన చూపిస్తాడు, కాగితాలు సరిచేస్తాడు. దూరంలో ఉండి చూడలేని వేలం బస్సు కన్నా దగ్గరున్న డీలరు బస్సు చివరికి చవక. మొదటి బస్సైతే డీలరు దగ్గరే కొనమంటాను.

పాత మంచి బస్సులు ఇంకా ఇంకా వస్తాయని ఆగడం కూడా తెలివి కాదు. 2021 మౌలిక వసతుల చట్టం కింద ఐదు బిలియన్ డాలర్లతో క్లీన్ స్కూల్ బస్ ప్రోగ్రామ్ పెట్టారు. ఆ డబ్బుతో కొత్త బస్సు తీసుకున్న డిస్ట్రిక్టు, 2010 లేదా అంతకు పాత డీజిల్ బస్సుని మారిస్తే దాన్ని అమ్మకూడదు, తుక్కు చెయ్యాలి. మనం వెతికే వయసు బస్సులు కొన్ని వేలం దాకా రాకుండానే పోతున్నాయన్నమాట.

కాగితాలు: బస్సు కన్నా ముందు

కొనకముందే ఇన్సూరెన్స్ ఏజెంటుతో మాట్లాడండి, కొన్నాక కాదు. మన చేత్తో మార్చిన బస్సంటే చాలా కంపెనీలు తల అడ్డంగా ఊపుతాయి. కట్టెల పొయ్యి, కప్పు మీద డెక్ ఉంటే ఒప్పుకున్నవాళ్లు కూడా వెనక్కి తగ్గుతారు. ఆర్‌వీగా, అంటే లోపల ఉండటానికి వీలైన బండిగా, టైటిల్ (యాజమాన్య పత్రం) మారితే దారి సులువవుతుంది. దానికి చాలా రాష్ట్రాలు వంట పొయ్యి, ఫ్రిజ్, టాయిలెట్, సింకుతో మంచినీళ్లు, వేడి లేదా చల్లదనం ఇచ్చే యంత్రం, విడి కరెంటు ఏర్పాటు లాంటి వాటిలో నాలుగైనా స్థిరంగా బిగించాలంటాయి. అవి బిగించేదాకా అది కాగితాల మీద బస్సే. అంటే ఇంటికి తెచ్చే మొదటి ప్రయాణమే అన్నిటికన్నా చిక్కు. తాత్కాలిక పర్మిట్, ఆ కొద్దిరోజుల ఇన్సూరెన్స్ రెండూ చేతిలో ఉన్నాకే విమానం టికెట్ కొనండి. వెర్మాంట్ రాష్ట్రంలో పోస్టు ద్వారా రిజిస్టర్ చేయించుకోవచ్చని పాత వీడియోలు ఇంకా చెబుతుంటాయి. బయటి రాష్ట్రాలవాళ్లకు ఆ దారి 2023లో మూసేశారు.

డ్రైవరు సీటు దగ్గర రేకు మీద జీవీడబ్ల్యూఆర్, అంటే సామానుతో సహా బండికి అనుమతించిన గరిష్ఠ బరువు, చూడండి. 26,000 పౌండ్లు గీత. దాటితే, సొంత వాడకానికే అయినా టెక్సస్ లాంటి కొన్ని రాష్ట్రాలు పైతరగతి లైసెన్సు అడుగుతాయి. 1939లో కొలంబియా యూనివర్సిటీలో ఫ్రాంక్ సిర్ అనే ప్రొఫెసర్ పెట్టిన సమావేశంలో తేల్చిన ఆ పసుపు రంగుని సొంత బండికి ఉంచుకోనివ్వని రాష్ట్రాలు చాలా ఉన్నాయి. స్టాప్ గుర్తు, మెరిసే ఎర్ర లైట్లు, 'స్కూల్ బస్' అక్షరాలు ఎలాగూ తీసెయ్యాలి. రంగు మనమే కొట్టుకుంటే కొన్ని వందలు, కొట్టిస్తే కొన్ని వేలు.

మనవాళ్లు ఎక్కువగా ఉండే సబ్‌డివిజన్లలో ఇంకో పెద్ద అడ్డం హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం. డ్రైవ్‌వేలో బస్సు పెట్టిన వారంలో నోటీసు వస్తుంది. స్టోరేజ్ లాట్‌కి తీసుకెళ్దామంటే చాలాచోట్ల లోపల కోత, వెల్డింగ్ పనులు చేసుకోనివ్వరు. పని చేసుకునే చోటు ఖాయం కాకుండా బస్సు కొన్నవాళ్లే దాన్ని సగంలో అమ్ముకుంటారు.

మరి మీకేది?

ఇద్దరే ఉండి, పార్కులు చూడటం ముఖ్యమైతే పొట్టి బస్సు. పిల్లలతో నెలల తరబడి తిరగాలంటే పొడి రాష్ట్రంలో పెరిగిన, ముప్ఫై అడుగుల లోపు ముక్కున్న బస్సు. డీటీ466ఈ లేదా కమిన్స్ 5.9కి లాకప్ ఉన్న అలిసన్ తోడై ఉండాలి. పడమటి కొండలే మీ దారైతే వెనక ఇంజను, కమిన్స్ 8.3, ఎండీ3060 కలయిక కోసం ఓపికగా వెతకండి. సొంత భూమిలో నిలిపేసి అతిథి గదిలా వాడుకుంటారా? అప్పుడు ఇంజను గొడవ వదిలేసి, ఎత్తైన కప్పు, తుప్పులేని నేల చూసుకోండి. వీటీ365 బస్సుని చవకగా కొనడానికి అర్థముండేది అప్పుడొక్కటే.

గ్రైండరు పట్టుకోవడం ఇష్టం లేదు, శనాదివారాలు తప్ప టైం లేదు అంటే బస్సు జోలికి వెళ్లకండి. అదే డబ్బుకి పాత క్లాస్ సీ ఆర్‌వీ, అంటే వ్యాన్ ఛాసీ మీద ఫ్యాక్టరీలో కట్టిన ఇల్లు బండి, వస్తుంది. చట్రం అంత గట్టిగా ఉండదు, కప్పు కారే సమస్య ఉంటుంది. కానీ ఇన్సూరెన్స్, క్యాంపుసైటు, లైసెన్సు ఏ తలనొప్పీ ఉండదు. షటిల్ బస్సులు మధ్యేమార్గమని కొందరంటారు. వాటి ఫైబర్ బాడీ స్కూల్ బస్సు స్టీలుకి సాటి రాదు కాబట్టి నాకు ఆ బేరం నచ్చదు.

ఇంకో మార్గం, సగం పని చేసి అలిసిపోయినవాళ్ల బస్సు. వాళ్లు పెట్టిన ఖర్చులో సగం కూడా వెనక్కి రాదు కాబట్టి ఒక్కోసారి మంచి బేరం తగులుతుంది. కానీ గోడల వెనక వైరింగు, నేల కింద తుప్పు మూసి ఉంటాయి. ఫ్లోరింగ్ వెయ్యకముందు ఖాళీ స్టీలు నేల ఫోటోలు, గోడలు మూయకముందు వైర్ల ఫోటోలు అడగండి. నిజంగా పని చేసినవాళ్ల ఫోన్‌లో అవి వందల్లో ఉంటాయి. లేవంటే నేల మొత్తం మళ్లీ విప్పే ఖర్చు ధరలోంచి తీసేసి చెప్పండి. దానికి ఒప్పుకోకపోతే ఇంకో బస్సు చూసుకోండి.